దెయ్యం కథల లెక్కాడొక్కా

మంచి దెయ్యం కథ దొరకడం ఎంత కష్టమో కూర్చుని లెక్క తేల్చినవాడు రోల్డ్ డాల్. పిల్లల కథలతో లోకమంతా పేరు తెచ్చుకున్న ఈ బ్రిటిష్ రచయిత 1958లో ఒక అమెరికన్ టీవీ సీరియల్ కోసం దెయ్యం కథలు ఏరే పని నెత్తికెత్తుకున్నాడు. పాత పుస్తకాలూ పత్రికలూ దులిపి మొత్తం 749 కథలు చదివాడు. చాలావరకు చెత్త అని మొహమాటం లేకుండా చెప్పేశాడు. సీరియల్‌కి పనికొస్తాయని 24 పక్కన పెట్టాడు. మొదటి ఎపిసోడ్ తీశారు కూడా. అసలు హంతకుడు చర్చిలో ఫాదర్ దగ్గర నేరం ఒప్పుకుంటాడు, ఆ రహస్యం బయటపెట్టే వీల్లేక ఫాదర్ నోరు కట్టేసుకుంటాడు, అమాయకుడు ఉరికంబం ఎక్కి దెయ్యమై తిరిగొస్తాడు. కేథలిక్కులు నొచ్చుకుంటారన్న భయంతో సీరియల్ మొత్తం అటకెక్కింది. పాతికేళ్ల తర్వాత, 1983లో, డాల్ ఆ కథల్ని పుస్తకంగా వేసేసరికి నికరంగా మిగిలినవి 14. నూటికి రెండు కూడా కాదు.

ఆ పద్నాలుగులో అయిదు ఆడవాళ్లు రాసినవి. ఇంగ్లిష్ దెయ్యం కథలకు పెద్దదిక్కు అనదగ్గ ఎం.ఆర్. జేమ్స్‌వి మాత్రం ఒక్కటీ లేదు. 749 చదివిన మనిషితో వాదించలేం కానీ, ఇది అన్యాయమే.

ఇలాంటి రికార్డులు తిరగేస్తుంటే ఒకటి తెలుస్తుంది. దెయ్యం కథల విషయంలో అసలు వింతలన్నీ రాసినవాళ్ల దగ్గర కంటే విన్నవాళ్ల దగ్గరే జరిగాయి.

దిండంత లావు

వెయ్యి పేజీలు దాటి, తలకింద పెట్టుకుంటే దిండు అక్కర్లేనంత పుస్తకం 1944లో న్యూయార్క్‌లో వచ్చింది. పేరు ‘గ్రేట్ టేల్స్ ఆఫ్ టెర్రర్ అండ్ ది సూపర్‌నేచురల్’. 52 కథలు. బాల్జాక్, పో, మొపాసా, కిప్లింగ్ లాంటి హేమాహేమీలందరూ ఉన్నారు. చవకబారు పత్రికల రచయితగా మిగిలిపోయి, ఏడేళ్ల కిందటే కన్నుమూసిన హెచ్.పి. లవ్‌క్రాఫ్ట్‌ని రెండు కథలతో ఆ పెద్దల పంక్తిలో కూర్చోబెట్టిన పుస్తకం ఇదే.

సంపాదకులు ఇద్దరు: హెర్బర్ట్ వైజ్, ఫిలిస్ ఫ్రేజర్. ఫిలిస్ అంతకుముందు సినిమా నటి, నాట్యతార జింజర్ రోజర్స్‌కి చుట్టం. ఇంత భయాన్ని కుట్టి పెట్టిన ఆవిడే 1950ల చివర్లో డాక్టర్ స్యూస్‌తో కలిసి, అప్పుడప్పుడే అక్షరాలు కూడబలుక్కునే పిల్లల కోసం ‘బిగినర్ బుక్స్’ మొదలుపెట్టింది. ఈ రెండు పనులూ ఒకే చేత్తో చేసినవాళ్లు ఇంకొకరు ఉన్నట్టు నాకు తెలియదు.

అద్దె తక్కువ ఇల్లు

దెయ్యం ఉన్న ఇంటి కథల్లో బాగా పాతది, ఇప్పటికీ చెక్కుచెదరనిది ఒకటుంది. ఇది రోమన్ పెద్దమనిషి చిన్న ప్లినీ స్నేహితుడు సూరాకు రాసిన ఉత్తరంలో ఉంది. వయసు సుమారు 1900 ఏళ్లు.

ఏథెన్స్‌లో ఒక పెద్ద ఇల్లు. రాత్రయితే గొలుసుల చప్పుడు. మొదట దూరంగా, తర్వాత దగ్గరగా. ఆపైన బక్కచిక్కిన ముసలివాడు, పొడుగు గడ్డం, కాళ్లకూ చేతులకూ సంకెళ్లు. ఆ ఇంట్లో ఉన్నవాళ్లు నిద్రల్లేక రోగాలొచ్చి పోయారు. ఇల్లు పాడుబడింది. అయినా ఆశ చావక, ఏమీ ఎరగని వాడెవడైనా వస్తాడేమోనని ఇంటివాళ్లు బోర్డు పెట్టారు. అథెనొడోరస్ అనే తత్వవేత్త ఊళ్లోకి వచ్చి ఆ బోర్డు చూశాడు. రేటు మరీ తక్కువగా ఉందే అని అనుమానపడి ఆరా తీశాడు. సంగతి తెలిశాక మరింత ఉత్సాహంగా దిగిపోయాడు.

మొదటి రాత్రి ముందుగదిలో పక్క వేయించుకుని, రాతపలకలూ గంటమూ దీపమూ తెప్పించుకుని, పనివాళ్లను లోపలి గదుల్లోకి పంపేసి రాసుకుంటూ కూర్చున్నాడు. ఖాళీగా ఉంటే మనసు లేనిపోనివి పుట్టిస్తుందని అతని భయం. గొలుసులు మోగాయి. తల ఎత్తలేదు. చప్పుడు గుమ్మం దగ్గరికొచ్చింది. గదిలోకొచ్చింది. అప్పుడు తిరిగి చూశాడు. ముసలివాడు నిలబడి వేలితో రమ్మని పిలుస్తున్నాడు. తత్వవేత్త చేత్తోనే ‘కాస్త ఆగు’ అని సైగ చేసి మళ్లీ రాతలో పడ్డాడు!

దెయ్యాన్ని వెయిటింగ్‌లో పెట్టిన మొదటి మనిషి ఇతనే అయి ఉండాలి. పాపం అది ఊరుకోలేక వచ్చి అతని తలమీద గొలుసులు ఆడించింది. ఇక తప్పక దీపం తీసుకుని దాని వెంట నడిచాడు. పెరటివాకిట్లోకి వెళ్లాక అది మాయమైంది. అక్కడ గడ్డీ ఆకులూ పీకి గుర్తు పెట్టాడు. మర్నాడు అధికారులను పిలిచి తవ్విస్తే గొలుసుల్లో చిక్కుకున్న ఎముకలు దొరికాయి. పద్ధతి ప్రకారం ఖననం చేయించారు. ఆ తర్వాత చప్పుడు లేదు.

ఈ మధ్య వచ్చిన దెయ్యం సినిమాల్లో సగానికి సగం ఈ ఒక్క ఉత్తరంలోంచే అప్పు తెచ్చుకున్నాయి. ఒక్క ఆ ‘కాస్త ఆగు’ మాత్రం ఎవరూ తెచ్చుకోలేకపోయారు.

మంటపాలైన కథలు

నష్టంలో రికార్డు మన దేశానిదే. ఐతిహ్యాన్ని నమ్మితే ఆరు లక్షల శ్లోకాలు బూడిదయ్యాయి.

గోదావరి ఒడ్డున ప్రతిష్ఠానపురంలో శాతవాహన రాజు దగ్గర గుణాఢ్యుడు మంత్రి. ఒక పందెంలో ఓడి, ఆడిన మాట ప్రకారం సంస్కృతం, ప్రాకృతం, దేశభాష మూడూ వదిలేసి అడవికి వెళ్లాడు. అక్కడ పిశాచాల భాష నేర్చి, ఏడు లక్షల శ్లోకాల బృహత్కథ రాశాడు. అడవిలో సిరా ఎక్కడిది? సొంత నెత్తురుతో రాశాడట. రాజుకు పంపితే, పిశాచ భాషలో నెత్తురు రాతలా అని ఆయన ఈసడించి తిప్పి పంపాడు. గుణాఢ్యుడు కొండమీద నిప్పు రాజేసుకుని, ఒక్కో ఆకు చదవడం, మంటలో వేయడం మొదలుపెట్టాడు. అడవి జంతువులు చుట్టూ చేరాయి. మేత మానేసి, కన్నీళ్లు కారుస్తూ వింటున్నాయి.

ఆ తర్వాతి మలుపు ఎంత లౌకికమైనదో చూడండి. కోటలో రాజుగారికి ఒంట్లో బాగుండటం లేదు. వైద్యులు తిండి చూసి, మాంసంలో సారం లేదన్నారు. వంటవాళ్లు వేటగాళ్ల మీదకు నెట్టారు. వేటగాళ్లు అసలు సంగతి చెప్పారు: ఎవరో బ్రాహ్మడు కథ చదువుతున్నాడు, జంతువులు మేత ముట్టడం లేదు, చిక్కిపోయాయి అని. రాజు పరుగున వెళ్లేసరికి మిగిలింది లక్ష శ్లోకాలు. రాజు కాదన్న కథ గొప్పదని తేల్చింది వంటగది.

ఆ లక్ష కూడా ఇప్పుడు లేవు. మూలం పూర్తిగా పోయింది. 11వ శతాబ్దంలో కాశ్మీర కవి సోమదేవుడు, అనంతరాజు భార్య సూర్యమతీదేవికి కాలక్షేపంగా, ఆ కథల్ని సంస్కృతంలో కథాసరిత్సాగరంగా కూర్చాడు. 18 లంబకాలు, 124 తరంగాలు, 21 వేలకు పైగా శ్లోకాలు. మన బేతాళుడు ఉన్నది అందులోనే. ఆయన సంగతి చివర చూద్దాం.

దీపం తగ్గించి చెప్పినవి

1904 దెయ్యం కథలకు పంట పండిన ఏడాది. ఒకే ఏడు రెండు పుస్తకాలు, భూగోళానికి చెరో కొసన పుట్టినవి, అచ్చయ్యాయి.

మొదటిది జేమ్స్‌ది. కేంబ్రిడ్జి కింగ్స్ కాలేజీలో పాత రాతప్రతుల పండితుడు. క్రిస్మస్ రాత్రి స్నేహితులంతా గదిలో చేరేవారు. ఆయన లోపలి గదిలోంచి, అప్పుడే పూర్తయిన కాగితాలు పట్టుకుని వచ్చేవాడు. ఒక్కటి తప్ప కొవ్వొత్తులన్నీ ఊదేసేవాడు. ఆ ఒక్క వెలుగులో చదివేవాడు. ఆ కథలకు బొమ్మలు వేయడానికి పూనుకున్న స్నేహితుడు జేమ్స్ మెక్‌బ్రైడ్ నాలుగే బొమ్మలు వేసి చనిపోయాడు. ఇంకెవరిచేతా వేయించకుండా ఆ నాలుగింటితోనే పుస్తకం తెచ్చాడు జేమ్స్.

రెండోది ‘క్వైదాన్’. రాసింది లాఫ్కాడియో హెర్న్. పుట్టింది గ్రీసు దీవిలో, పెరిగింది ఐర్లండ్‌లో, పత్రికోద్యోగం అమెరికాలో, చివరికి జపాన్ పౌరుడై కొయిజుమి యాకుమో. ఒక కన్ను చిన్నప్పుడే పోయింది, రెండోది అంతంతమాత్రం. జపాన్ పుస్తకాలు సొంతంగా చదివేంత భాష లేదు. కథలన్నీ భార్య సెత్సు చెప్పినవి. ఆవిడ పాత పుస్తకాల దుకాణాలు గాలించి చదువుకుని వచ్చేది. రాత్రి దీపం వత్తి తగ్గించి మొదలుపెట్టేది. పుస్తకం చూసి చదివితే ఆయన ఒప్పుకునేవాడు కాదు. నీ మాటల్లో, నీకు తోచినట్టు చెప్పు అని పట్టుబట్టేవాడు. భయమేసిన చోట మళ్లీ మళ్లీ చెప్పించుకునేవాడు. ఆ పుస్తకం వచ్చిన ఏడే, సెప్టెంబరులో, 54 ఏళ్లకు పోయాడు. 1964లో మసాకి కొబయాషి హెర్న్ కథలు నాలుగింటిని అదే పేరుతో సినిమా తీస్తే ఆస్కార్ నామినేషన్ వచ్చింది.

నా మటుకు అందులో తలమానికం చెవుల్లేని హోయిచి కథ. గుడ్డి గాయకుడు రోజూ రాత్రి ఏదో రాజసభ అనుకుని, శ్మశానంలో చచ్చిన వీరులకే వాళ్ల యుద్ధగాథ పాడి వినిపిస్తుంటాడు. దెయ్యాలు వెక్కివెక్కి ఏడుస్తాయి. గుణాఢ్యుడి జంతువుల కంటే ఒక మెట్టు పైనున్న శ్రోతలు వీళ్లు.

వినికిడి విషయంలో చైనా రచయిత పు సోంగ్లింగ్‌ని కూడా చెప్పుకోవాలి. దారిన పోయేవాళ్లకు టీ ఇచ్చి కథలు చెప్పించుకునేవాడని ఒక కథనం. నక్కలు ఆడవేషం వేసే కథలతో సహా దాదాపు 500 కథలు పోగేశాడు. పై మెట్టు ప్రభుత్వ పరీక్షల్లో జీవితమంతా తప్పుతూనే వచ్చి, డెబ్బై దాటాక ఒక చిన్న పట్టం అందుకున్నాడు. 1715లో పోయాడు. పుస్తకం అచ్చులో చూసుకునే యోగం లేదు. అది 1766లో వచ్చింది.

వానకు పుట్టినవి

1815 ఏప్రిల్‌లో ఇండోనేషియాలో తంబోరా అగ్నిపర్వతం బద్దలైంది. అది ఎగజిమ్మిన గంధకపు పొర వల్ల మరుసటి ఏడు యూరప్‌కు ఎండాకాలమే రాలేదు. జెనీవా సరస్సు పక్కన డియోడాటీ బంగళాలో వానకు ఇరుక్కుపోయిన బైరన్ కవి, ఆయన డాక్టరు పోలిడోరీ, షెల్లీ, పద్దెనిమిదేళ్ల మేరీ ఫ్రెంచిలో ఉన్న జర్మన్ దెయ్యం కథల పుస్తకం చదువుకుని, తలా ఒకటి రాద్దామని పందెం వేసుకున్నారు. పేరున్న కవులిద్దరూ మధ్యలోనే చేతులెత్తేశారు. మేరీ ‘ఫ్రాంకెన్‌స్టైన్’ రాసింది. 1818లో రచయిత్రి పేరు లేకుండా 500 కాపీలు వేశారు. ఇరవై ఏళ్ల డాక్టరుగారు రాసిన ‘ది వాంపైర్’ 1819లో ఒక పత్రికలో అచ్చయింది, బైరన్ రాసినట్టుగా! దొరబాబు వేషంలో రక్తపిశాచి ఇంగ్లిష్ కథలోకి అడుగుపెట్టింది అప్పుడే. డ్రాకులా రావడానికి ఇంకా 78 ఏళ్లు ఉంది.

పారితోషికాల పద్దు

ఎడ్గార్ అలన్ పో రాసిన గుండె చప్పుడు కథ, ‘ది టెల్ టేల్ హార్ట్’, 1843 జనవరిలో ‘ది పయనీర్’ అనే కొత్త పత్రిక మొదటి సంచికలో వచ్చింది. పోకు ముట్టింది పది డాలర్లని చెబుతారు. పత్రిక మూడు సంచికలకే మూతపడింది.

లవ్‌క్రాఫ్ట్‌ది మరో రకం కష్టం. 1924లో ఇంద్రజాలికుడు హుడినీ పేరుమీద ‘వియర్డ్ టేల్స్’ పత్రికకు ఈజిప్టు పిరమిడ్ల కింద జరిగే కథ రాసిచ్చే బేరం కుదిరింది. పెళ్లి చేసుకోవడానికి న్యూయార్క్ బయల్దేరుతూ, టైపు చేసిన ప్రతిని ప్రావిడెన్స్ రైల్వే స్టేషన్‌లో పారేసుకున్నాడు. పేపర్లో ప్రకటన వేసినా దొరకలేదు. చిత్తుప్రతి వెంట ఉంది కాబట్టి సరిపోయింది. పెళ్లి అయ్యాక ఫిలడెల్ఫియాలో కొత్త దంపతుల మొదటి రోజులు దాన్ని మళ్లీ టైపు చేయడంతోనే గడిచాయి. పెళ్లికూతురు సోనియా చదివి పెడుతుంటే పెళ్లికొడుకు టైపు కొట్టాడు. ఆ పెళ్లి ఎక్కువకాలం నిలవలేదంటే ఆశ్చర్యమేముంది?

బతికుండగా ఆయన పేరుతో వచ్చిన పుస్తకం ఒక్కటే. 1936లో, అచ్చుతప్పులతో, బైండు చేసినవి 200 దాకా. మరుసటి ఏడే పోయాడు. కాని ఆయన ఉత్తరాలు లక్ష వరకు ఉంటాయని అంచనా.

మన రైల్వే ప్లాట్‌ఫారాలకూ ఈ పద్దులో వాటా ఉంది. కిప్లింగ్‌కి 22 ఏళ్లున్నప్పుడు, 1888లో, ఆయన రాసిన, సిమ్లా కొండల్లో రిక్షాలో తిరిగే ఆడదెయ్యం కథను, మరికొన్నిటితో కలిపి అలహాబాదు వీలర్ కంపెనీ ‘ఇండియన్ రైల్వే లైబ్రరీ’ కింద వేసింది. స్టేషన్‌లో కొనుక్కుని బండిలో చదువుకునే పుస్తకం. వెల ఒక్క రూపాయి.

నిజమని నమ్మేశారు

1914 ఆగస్టులో బెల్జియంలో మోన్స్ దగ్గర బ్రిటిష్ సేన జర్మన్ల ధాటికి వెనక్కి తగ్గింది. సెప్టెంబరు 29న లండన్ ‘ఈవెనింగ్ న్యూస్’లో ఆర్థర్ మాకెన్ చిన్న కథ రాశాడు: ఒక సైనికుడు సెయింట్ జార్జిని తలుచుకోగానే, ఐదువందల ఏళ్ల కిందటి విలుకాళ్ల ఆత్మలు వచ్చి శత్రువుల మీద బాణాలు కురిపిస్తాయి. కొన్నాళ్లకు చర్చి పత్రికలు దాన్ని మళ్లీ వేసుకుంటామని అడిగాయి. ఒక ఫాదరు ఆధారాలు కూడా ఇమ్మన్నాడు. అది కల్పన, ఆధారాలేం లేవని మాకెన్ జవాబిచ్చాడు. ఫాదరు ఒప్పుకోలేదు. విషయం నిజమే, మీరు దాన్ని కాస్త పెంచి రాసి ఉంటారు అని రచయితకే నచ్చజెప్పాడు. 1915 కల్లా విలుకాళ్లు దేవదూతలైపోయారు. కళ్లారా చూశామన్నవాళ్లూ పుట్టుకొచ్చారు. కథ నాది బాబోయ్ అంటూ మాకెన్ పుస్తకానికి ముందుమాట రాసుకున్నా వినిపించుకున్నవాడు లేడు.

మామూలుగా రచయితలు నా కథ నమ్మండి అని బతిమాలతారు. ఈయన తిరగేసి బతిమాలాడు.

తిట్ల రికార్డు

1948 జూన్ 26 నాటి ‘న్యూయార్కర్’లో షర్లీ జాక్సన్ రాసిన ‘ది లాటరీ’ వచ్చింది. ఊరంతా ఎండలో సరదాగా చేరి చీట్లు తీస్తారు, గుర్తు పడిన చీటీ వచ్చినవాళ్లను రాళ్లతో కొట్టి చంపుతారు. దెయ్యం లేదు, చీకటి లేదు. కూరగాయల సంచీ, చంటిపిల్ల కూర్చున్న బండీ ఎత్తుమీదికి నెట్టుకొస్తుంటే తట్టిన కథట. ఇంటికొచ్చి పూటలోనే రాసేసింది.

ఆ వేసవిలో 300కు పైగా ఉత్తరాలు వచ్చాయి. మంచిగా రాసినవి పదమూడే, అవీ చాలావరకు స్నేహితులవేనని ఆవిడే చెప్పుకుంది. సొంత తల్లి కూడా చీవాట్లు పెట్టింది. దక్షిణాఫ్రికా యూనియన్ ప్రభుత్వం కథను నిషేధించింది. వాళ్లొక్కరికే కథ అర్థమైందని ఆవిడ సంతోషించిందట. తిట్లను మించి ఒళ్లు గగుర్పొడిపించే ఉత్తరాలు వేరే ఉన్నాయి. ఆ లాటరీ ఏ ఊళ్లో తీస్తారు, వెళ్లి చూడనిస్తారా అని అడిగినవి.

చిన్నది, సగంలో ఆగినది

అతి చిన్న భయం కథల్లో పేరున్నది రెండే వాక్యాలు. ఫ్రెడ్రిక్ బ్రౌన్ 1948 డిసెంబరులో వేసిన ‘నాక్’ అనే కథ వాటితోనే మొదలవుతుంది: లోకంలో ఒకే ఒక్క మనిషి మిగిలాడు, ఎవరో అతని తలుపు కొట్టారు. ఆ తలుపు వెనక ఎవరున్నారో చెప్పడానికి బ్రౌన్ పేజీలకు పేజీలు రాశాడు. చెప్పకపోయినా బాగుండేది.

సగంలో ఆపడంలో మొనగాడు రవీంద్రనాథ్ ఠాగూర్. 1895 నాటి ‘క్షుధిత పాషాణ్’లో కథ చెప్పేవాడు నిజాం కొలువులో పత్తి సుంకం వసూలు చేసే ఉద్యోగి. పాడుబడ్డ పాలరాతి మహలులో బస. రాత్రి కనపడని ఆడవాళ్ల గజ్జెలు, అత్తరు వాసన. పదిహేడేళ్ల వయసులో అహ్మదాబాదు షాహీబాగ్ మహల్లో అన్న దగ్గర ఉన్నప్పుడు ఠాగూర్‌కి తగిలిన ఊహ ఇది. రైల్వే జంక్షన్‌లో బండి కోసం కాచుకున్నవాళ్లకు ఆ ఉద్యోగి ఇదంతా చెబుతూ అసలు ముడి విప్పబోతుంటాడు. బండి వచ్చేస్తుంది. ఫస్టు క్లాసులోంచి ఒక దొర పిలుస్తాడు. మనిషి ఎక్కేస్తాడు. అంతే.

ఎప్పటికీ అయిపోనిది

ఇక బేతాళుడు. సోమదేవుడి లెక్కలో రాజు పేరు త్రివిక్రమసేనుడు, ఊరు గోదావరి ఒడ్డు ప్రతిష్ఠానమే. క్షాంతిశీలుడనే భిక్షువు రోజూ ఒక పండు తెచ్చి ఇస్తుంటే రాజు చూడకుండానే భాండాగారంలో వేయిస్తుంటాడు. ఒకనాడు కోతి పిల్ల కొరికితే లోపల రత్నం. ఆ మొహమాటానికి చిక్కి, భిక్షువు అడిగినట్టే శ్మశానానికి వెళ్లి, చెట్టున వేలాడే శవాన్ని భుజాన వేసుకుంటాడు. దారిలో శవంలోని బేతాళుడు కథ చెప్పి ప్రశ్న వేస్తాడు. జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది, చెబితే శవం తిరిగి చెట్టెక్కుతుంది. తండ్రి ఒక కూతుర్ని, కొడుకు ఆమె తల్లిని పెళ్లాడితే వాళ్ల పిల్లలకు ఏం వరస అన్న ఆఖరి ప్రశ్నకు రాజుకు నిజంగానే జవాబు తట్టలేదు. మౌనంగా నడిచాడు. ఆ మౌనానికే బేతాళుడు మెచ్చి, భిక్షువు కుట్ర బయటపెట్టి రాజును కాపాడాడు. మొత్తం పాతికతో సరి.

1947 జులైలో పుట్టిన ‘చందమామ’ ఈ పాతికతో ఆగలేదు. పాతవి అయిపోతే కొత్త కథలు అదే చట్రంలో బిగించి దశాబ్దాల తరబడి నెలనెలా వేసింది. కత్తి చేతపట్టి, భుజాన శవంతో నడిచే రాజు బొమ్మకు చిరకాలం గీత గీసిన చిత్రకారుడు శంకర్ 2020లో, 96 ఏళ్ల వయసులో కన్నుమూశారు. పత్రికకు వచ్చిన చిక్కల్లా ఒక్కటే. మూలంలో రాజును గెలిపించింది మౌనం. ఇక్కడ ఆయన ఒక్క నెల నోరు మెదపకపోయినా శీర్షిక ఆగిపోయేది. అందుకని ‘చందమామ’ విక్రమార్కుడికి సమాధానం తెలియని నెల రానే లేదు.